కొత్త మనిషి మీదికే మొదటి వేలు
తెలుగు అపరాధ పరిశోధన రచయితలకు, సంపాదకులకు, దర్శకులకు బహిరంగ లేఖ



చిన్న ఊరిలో హత్య జరగడం, ఆ ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మీద మొదటి అనుమానం పడడం, చివరకు ఆ అనుమానం తప్పని తేలడం అపరాధ పరిశోధన సాహిత్యంలో దాదాపు నూరేళ్లుగా నలుగుతున్న ఇతివృత్తం. ఇంగ్లీషులో ఈ ఇతివృత్తానికి ‘కోజీ మిస్టరీ’ అనే శాఖ ఇల్లయింది. అందరూ అందరికీ తెలిసిన ఒక చిన్న ఊరు రంగస్థలంగా, నెత్తురూ హింసా వీలైనంతవరకు కథనానికి వెలుపలే ఉండగా, పోలీసూ వృత్తి డిటెక్టివూ కాని ఒక సామాన్య వ్యక్తి తన లోకజ్ఞానంతో హంతకుణ్ణి కనిపెట్టే కథను కోజీ మిస్టరీ అంటారు. ఈ కథారూపం తెలుగు చిన్న పట్టణానికి అతికినట్టు సరిపోతుందని, అయితే అందులోని కొత్త మనిషిని కేవలం పాఠకుణ్ణి దారి తప్పించే పావుగా కాక, అనుమానానికీ రుజువుకీ మధ్య ఉండే దూరాన్ని చూపించే కొలబద్దగా వాడుకోవాలని విన్నవించుకోవడమే ఈ లేఖ ఉద్దేశం.

ఈ ఇతివృత్తం ఎలా పనిచేస్తుందో చూడడానికి ఎం.సి. బీటన్ పేరుతో రాసిన స్కాట్లండ్ రచయిత్రి మారియన్ చెస్నీ 1992లో వెలువరించిన తొలి అగాథా రైజిన్ నవల చక్కటి ఉదాహరణ. లండన్‌లో ప్రచార సంస్థ నడిపి, దాన్ని అమ్మేసి, కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతంలోని కార్స్‌లీ అనే కల్పిత గ్రామానికి వచ్చి స్థిరపడిన నడివయసు స్త్రీ అగాథా. ఊరివాళ్ల మెప్పు పొందాలని ఆమె గ్రామంలో జరిగే కీష్ పోటీలో పాల్గొంటుంది. కీష్ అంటే గుడ్లు, పాలు లేదా మీగడ, కూరలు కలిపి పిండి పొరలో పోసి కాల్చే వంటకం. వంట రాని అగాథా లండన్ దుకాణంలో కొన్న కీష్‌ను తాను చేసినదిగా పోటీకి పెడుతుంది. దాన్ని ఇంటికి తీసుకువెళ్లి తిన్న న్యాయనిర్ణేత చనిపోతాడు. అందులో కౌబేన్ అనే విషపు మొక్క కలిసిందని తేలుతుంది. అప్పుడు ఆమె కీష్‌ను కొని తెచ్చానని ఒప్పుకోక తప్పదు. తన పేరు మీద పడిన మచ్చ తుడుచుకోవడానికి తానే పరిశోధనకు దిగుతుంది.

ఈ కథలో గమనించవలసిన అంశం విషం కాదు, అబద్ధం. కొత్తగా వచ్చిన మనిషి ఆడిన ఒక చిన్న అబద్ధం, అదీ నలుగురిలో కలవాలన్న ఆశతో ఆడినది, ఆమె మీద పెద్ద అనుమానానికి మెట్టుగా మారుతుంది. దాచుకున్న విషయం ఒకటి బయటపడగానే, దాచుకున్నవాళ్లు ఎంతకైనా తగుదురనే తీర్పు జనం నోట తయారవుతుంది. రహస్యం ఉండడం వేరు, నేరం చేయడం వేరు అన్న వివేకాన్ని పాఠకుడికి నేర్పడమే ఈ ఇతివృత్తం చేసే అసలు పని. పాతవాళ్ల రహస్యాలు ఊరికి అలవాటైపోయి కనిపించవు. కొత్తవాళ్ల రహస్యం కనిపించగానే రుజువులా తోస్తుంది.

బీటన్ కంటే చాలా ముందే అగాథా క్రిస్టీ ఈ సంగతిని అనేక కోణాల్లో పరిశీలించింది. 1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’లో జగత్ప్రసిద్ధ డిటెక్టివ్ హెర్క్యూల్ పోయిరోయే ఊరికి కొత్త. గుమ్మడి జాతి కాయలు పండించుకుంటూ కింగ్స్ ఆబట్ గ్రామంలో విశ్రాంతి జీవితం గడుపుతున్న ఆ బెల్జియన్‌ను, అతని మీసాలు చూసి, పక్కింటి డాక్టరు రిటైరైన క్షౌరవృత్తి మనిషై ఉంటాడని తేల్చేస్తాడు. అదే ఊరిలో హత్య జరిగిన రాత్రి గేటు దగ్గర కనిపించిన ముక్కూ మొహం తెలియని మనిషి మీదికి అందరి చూపూ మళ్లుతుంది. అసలు హంతకుడెవరో ఇక్కడ చెప్పడం ఇంకా చదవనివారికి అన్యాయం చేయడమే అవుతుంది. ఆ జవాబు పాఠకుడు గేటు వైపు చూస్తున్నంత సేపూ అతనికి అందదని మాత్రం చెప్పవచ్చు.

1950లో వచ్చిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’లో క్రిస్టీ ఇదే ప్రశ్నను చరిత్రతో కలిపి అడిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ గ్రామాల్లోకి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేరిన కాలమది. ఒకప్పుడు ఊరికి ఎవరైనా కొత్తగా వస్తే వాళ్ల గురించి తెలిసినవాళ్ల పరిచయ లేఖ ముందే వచ్చేదని, ఇప్పుడు మనుషులు ఎవరమని చెప్పుకుంటే వాళ్లను అలాగే నమ్మవలసి వస్తున్నదని ఆ నవలలో మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు గుర్తుచేస్తుంది. ఫొటో గాని వేలిముద్ర గాని లేని గుర్తింపు కార్డు, రేషన్ పుస్తకం తప్ప మనిషిని పట్టి ఇచ్చే ఆధారం మరొకటి లేని ఆ స్థితిలో, మధ్య యూరప్ నుంచి శరణార్థిగా వచ్చిన మిట్సీ అనే వంటమనిషి ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆమె అతిగా మాట్లాడుతుంది, భయపడుతుంది, పోలీసును చూస్తే వణుకుతుంది. యుద్ధకాలపు యూరప్ చూసి వచ్చిన మనిషికి ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించే ఓపిక ఊరికి ఉండదు.

కొత్తవాళ్లను, పరాయివాళ్లను చవకగా విలన్లుగా వాడుకోవడం తప్పని ఈ రంగంలోని పెద్దలు ఆనాడే గుర్తించారు. క్యాథలిక్ మతాచార్యుడూ డిటెక్టివ్ రచయితా అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు ప్రకటించాడు. కథలో చైనా మనిషి ఉండరాదన్నది అందులో అయిదోది. ఈనాడు చదివితే ఆ వాక్యం జాతిద్వేషంలా ధ్వనించవచ్చు గాని, ఆ కాలపు చవకబారు నవలల్లో నేరాన్ని సునాయాసంగా చైనీయుడికి అంటగట్టే అలవాటును అడ్డుకోవడం అతని ఉద్దేశం. హంతకుడి పుట్టుకే అతని నేరానికి వివరణ అయిపోతే పరిశోధనకు పని ఉండదు, పరిశోధన లేనప్పుడు కథకు విలువ ఉండదు.

ఊరు కొత్త మనిషి వైపు వేలు చూపడానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని తెలుగు సామెత. పట్టలేకపోవడానికి కారణం దొంగ తెలివి కంటే ఇంటివాళ్ల మొహమాటమే ఎక్కువ. హంతకుడు పక్కింటివాడని, వడ్డీ వ్యాపారం చేసే పెద్దమనిషని, గుడి కమిటీ సభ్యుడని ఒప్పుకుంటే ఊరు తన పొత్తులనూ పొరపొచ్చాలనూ, ఆస్తి తగాదాలనూ, అప్పుల లెక్కలనూ తిరగేసి చూసుకోవలసి వస్తుంది. హంతకుడు బయటివాడైతే ఆ బాధ లేదు, బంధువుల మధ్య మాట పట్టింపులు రావు, పరువుకు భంగం ఉండదు. మంచి కోజీ మిస్టరీలో చివరి అధ్యాయం అంత తృప్తినివ్వడానికి కారణం, ఊరు తనను తాను చూసుకోకుండా ఉండడానికి కట్టుకున్న ఈ గోడను అది రుజువుతో కూల్చడమే.

తెలుగులో అపరాధ పరిశోధన సాహిత్యానికి మంచి వారసత్వం ఉన్నది. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ వంటి తొలినాటి ప్రయత్నాల తర్వాత, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు కొన్ని తరాల పాఠకులకు ఇంట్లో మనుషులయ్యారు. మధుబాబు రాసిన షాడో నవలలు గూఢచారి కథకు అసంఖ్యాక పాఠకులను సంపాదించాయి. అయితే ఈ సంప్రదాయంలో నేరాన్ని ఛేదించేది ప్రధానంగా వృత్తి డిటెక్టివో, గూఢచారో, పోలీసు అధికారో. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరును రంగస్థలం చేసుకొని, డిటెక్టివే నేరారోపణలో చిక్కుకునే కథ చెప్పి, చిన్న పట్టణానికి ఈ కథా ప్రక్రియలో ఎంత చోటుందో చూపించింది. ఆ చోటులోకి ఇంకా రావలసినవాళ్లు రిటైరైన పంతులమ్మ, పోస్టుమాన్, మందుల షాపు నడిపే మనిషి, ఆశా కార్యకర్త వంటివాళ్లు. ఊరి లోగుట్టు వీళ్లకు తెలిసినంతగా ఏ స్టేషను రికార్డుకూ తెలియదు.

ఆ చిన్న పట్టణానికి కొత్త మనుషులు రావడం ఆగలేదు. బదిలీ మీద వచ్చే బ్యాంకు ఉద్యోగి, ప్రభుత్వ కళాశాలలో చేరిన అధ్యాపకురాలు, రైసు మిల్లులో బస్తాలు మోసే బిహారీ హమాలీ, ఒడిశా నుంచి కుటుంబంతో సహా ఇటుక బట్టీకి వచ్చిన కూలీ, రాత్రుళ్లు ఈల ఊదుతూ తిరిగే నేపాలీ గూర్ఖా, మిఠాయి దుకాణం తెరిచిన రాజస్థానీ, భర్త నుంచి విడిపోయి ఒంటరిగా ఇల్లు అద్దెకు తీసుకున్న స్త్రీ, వీళ్లంతా ఇప్పుడు తెలుగు ఊళ్లలో ఉన్నవాళ్లే. అద్దె ఇంటి గుమ్మంలో వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్నలు, ‘మీదే ఊరు?’, ‘మీరేమిట్లు?’, ‘ఇంట్లో ఎంతమంది ఉంటారు?’ అన్నవి, కుశల ప్రశ్నల్లా వినిపించే విచారణలే. జవాబు తడబడితే ఆ తడబాటు ఆ వీధి జ్ఞాపకంలో నిలిచిపోతుంది, ఎప్పుడో అవసరం వచ్చినప్పుడు సాక్ష్యంగా లేస్తుంది.

ఆ సాక్ష్యం తయారయ్యే తీరును రచయితలు దగ్గర నుంచి చూపించాలి. ఒక పట్టణంలో ఇనుప సామాన్ల కొట్టు యజమాని హత్యకు గురయ్యాడని, అదే వీధిలో కొత్తగా దిగిన అద్దె మనిషి ఒకడు ఉన్నాడని అనుకుందాం. తెల్లవారుజామున వీధిలో పాలు పోయడానికి వచ్చిన పాలవాడు ఆ అద్దె మనిషి ఇంట్లో లైటు వెలుగుతుండడం చూశాడు. అతనికి తెలిసింది అంతే. టిఫిన్ సెంటర్ దగ్గరకు చేరేసరికి ఆ మాట ‘రాత్రంతా మేలుకునే ఉన్నాడట’ అయింది. రేషన్ షాపు వరసలో ‘పెరట్లో బట్టలేవో ఉతుకుతున్నాడట’ అని చేరింది. సాయంత్రానికి ఆ బట్టలకు నెత్తురు అంటుకుంది. మూడో రోజు పోలీసుల ముందు వాంగ్మూలం ఇచ్చేటప్పటికి, చివరన ఉన్న ‘అట’ రాలిపోయి, ‘ఉతుకుతుండగా చూశాను’ అన్న వాక్యం మిగిలింది. ఇంతమందిలో ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు. పరిశోధన చేసే పాత్ర ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి దిగి, పాలు పోసే అతను చూసిన ఒక్క లైటు దగ్గరికి చేరడం తుపాకీ ఛేజింగు కంటే ఉత్కంఠ కలిగించే ఘట్టం కాగలదు.

పుకారు గోరంతను కొండంత చేస్తే ఏమవుతుందో తెలుగువారికి కథల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు దేశమంతటా వ్యాపించినప్పుడు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఆ ఏడాది మే నెలలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన అయిదుగురు భిక్షాటకులు అదే అనుమానంతో హతులయ్యారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్న కారణంతో మొదలైన దాడిలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజనీరు ప్రాణం కోల్పోయాడు. వీళ్లందరూ ఆ చోటికి కొత్త మనుషులు. వీళ్ల విషయంలో అనుమానం పుట్టడానికీ శిక్ష అమలు కావడానికీ మధ్య పరిశోధన అనేదే జరగలేదు.

అనుమానాన్ని మనిషికి కాక పుట్టుకకే అంటించిన చరిత్ర కూడా ఈ నేలకు ఉన్నది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టి, వారి కదలికల మీద నిఘా పెట్టి, అధికారుల ముందు హాజరు వేయించుకున్నది. ఆ చట్టం నీడలోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు, అంటే అలాంటి కుటుంబాలను ఒకచోట ఉంచి నిఘాలో నడిపిన వసతి, ఏర్పడింది. 1952లో చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెప్పగానే చూపు మారడం ఆగలేదు. జనప్రియ కథలూ సినిమాలూ ఆ చూపును సరిదిద్దడం కంటే పెంచి పోషించడమే ఎక్కువ చేశాయి. ఒక ఊరి పేరునో ఒక కులం పేరునో ఆధారంగా చూపించి కథ ముగించే రచన, రద్దయిన ఆ చట్టాన్ని కాగితం మీద మళ్లీ అమలు చేసినట్టే.

న్యాయశాస్త్రం ఈ విషయంలో రచయితకు శత్రువు కాదు, ఉత్తమ సహకారి. ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో పరిస్థితుల సాక్ష్యం, అంటే చుట్టూ ఉన్న సంగతులను కలిపి చూసి నేరాన్ని ఊహించగలిగే సాక్ష్యం, ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో వివరించింది. ప్రతి సంగతీ నిర్ద్వంద్వంగా రుజువు కావాలని, ఆ సంగతులన్నీ నిందితుడి నేరాన్నే సూచించాలని, మరే ఇతర వివరణకూ తావివ్వకూడదని, ఆధారాల గొలుసు ఎక్కడా తెగకూడదని ఆ తీర్పు సారాంశం. ఎంత బలమైన అనుమానమైనా రుజువు స్థానాన్ని ఆక్రమించజాలదన్నది మన న్యాయస్థానాలు పదేపదే చెప్పిన సూత్రం. డిటెక్టివ్ నవల చివరి అధ్యాయానికి ఇంతకంటే మంచి ప్రమాణం దొరకదు.

అలాగే పోలీసు అధికారి ముందు నిందితుడు చేసిన నేరాంగీకారాన్ని అతనికి వ్యతిరేకంగా రుజువు చేయరాదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షనులో ఉండేది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షనుగా కొనసాగుతున్నది. లాకప్‌లో నాలుగు దెబ్బలు పడగానే అనుమానితుడు నేరం ఒప్పుకొని కథ ముగిసిపోయే రచనలు ఈ రక్షణ ఉందన్న సంగతినే పాఠకుడికి తెలియనివ్వడం లేదు. శవ పంచనామాలో, అంటే మృతదేహాన్ని పంచాయతీదారుల సమక్షంలో పరిశీలించి రాసే నివేదికలో, సంతకం చేసిన ఊరి పెద్దమనిషి నిజంగా ఏం చూశాడు, చూడకుండా దేని మీద సంతకం పెట్టాడు అన్న ప్రశ్న ఒక్కటే ఒక నవలకు సరిపడా కథావస్తువు. గుంపు హత్యల విషయంలో భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను రెండో ఉపనిబంధన పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో అయిదుగురు లేదా అంతకుమించినవారు కలిసి చేసే హత్యకు మరణశిక్ష గాని యావజ్జీవం గాని విధించాలని చెబుతున్నది. కొత్త మనిషి కొత్తదనమే అతని ప్రాణానికి ముప్పు కాగలదని చట్టమే గుర్తించిందన్నమాట.

కొత్త మనిషి ప్రతిసారీ నిర్దోషిగానే తేలితే పాఠకుడు ముందే ఊహించేస్తాడని, పైగా బయటి నుంచి వచ్చినవారు నేరాలు చేసిన కేసులూ ఉన్నాయి కదా అని ఒక అభ్యంతరం రావచ్చు. అది సహేతుకమైన అభ్యంతరమే. ఈ లేఖ కోరుతున్నది కొత్త మనిషికి నిర్దోషిత్వపు హామీ కాదు, అందరితో సమానమైన విచారణ. అతను దోషి అయితే అతన్ని పట్టించేది అతని యాస, అతని ఒంటరితనం, అతని గతంలోని ఖాళీ కాకూడదు; ఊరివాణ్ణయినా పట్టించగలిగిన ఆధారమే కావాలి. పాఠకుడి ఉత్కంఠ విషయానికి వస్తే, హంతకుడెవరన్న ప్రశ్న పక్కన నిర్దోషి బయటపడతాడా లేదా అన్న మరో ప్రశ్న చేరినప్పుడు కథకు బలం పెరుగుతుందే గాని తగ్గదు.

కాబట్టి రచయితలకు ఈ లేఖ చేస్తున్న విన్నపం ఇది. కొత్త మనిషి ఊరికి ఎందుకు వచ్చాడో, దేన్ని వదిలి వచ్చాడో, ఏ సంగతి దాచుకున్నాడో చెప్పే పూర్తి జీవితాన్ని అతనికి ఇవ్వాలి. వీలైతే పరిశోధన చేసే పాత్రను అతనికే ఇచ్చి చూడాలి. ఊరిని కొత్త కళ్లతో చూసేవాడికి ఊరివాళ్లకు అలవాటై కనిపించని సంగతులు కనిపిస్తాయి. అసలు హంతకుడు దొరికిన పేజీతో కథను ఆపకుండా, ఆ తర్వాత ఊరు ఆ మనిషి మొహం ఎలా చూసిందో, ఇల్లు ఖాళీ చేయమన్న యజమాని ఏమన్నాడో, అరువు ఆపేసిన కిరాణా కొట్టు మళ్లీ అరువు ఇచ్చిందో లేదో రాయాలి. నిర్దోషి అని తేలడం కాగితం మీద ఒక్క రోజు పని, నలుగురిలో నిలబడడం నెలల తరబడి పని.

సంపాదకులకు విన్నపం, కులం పేరు, ప్రాంతం పేరు ఆధారంగా నిలబడ్డ కథ చేతికొచ్చినప్పుడు దాన్ని సరిచేయమని తిప్పి పంపాలి, చిన్న పట్టణాల నుంచి ఈ తరహా కథలు రాసే కొత్తవారికి పత్రికల్లో సీరియల్ చోటు కల్పించాలి. దర్శకులకు విన్నపం, లాకప్ దెబ్బలతో సత్యం బయటపడుతుందని చూపించే దృశ్యాన్ని మానుకోవాలి, దాని బదులు ఒక సాక్షి తన మాటను తానే మళ్లీ పరీక్షించుకునే దృశ్యాన్ని తీయాలి.

దేశంలో ఏ మూల నిర్మాణం జరిగినా మట్టి పనికి వెళ్లిన పాలమూరు కూలీలు మొదలుకొని గల్ఫ్ దేశాల్లో పనిచేసే కరీంనగర్, కోనసీమ యువకుల వరకు, తెలుగువారు లక్షల సంఖ్యలో ఈ రోజు ఇంకెవరి ఊళ్లోనో కొత్త మనుషులు. అక్కడ వాళ్ల మీద అనుమానం పడినప్పుడు ఎలాంటి న్యాయం కోరుకుంటామో, ఇక్కడికి వచ్చినవాళ్లకు తెలుగు కథ అదే న్యాయం చేయాలి. అలాంటి నవలలను తెలుగు రచయితలు రాయాలని, పత్రికలు అచ్చువేయాలని, పాఠకులు చదివి నిలబెట్టాలని ఈ లేఖ మనఃపూర్వకంగా కోరుతున్నది.

ఇట్లు,
అపరాధ పరిశోధన సాహిత్యాభిమాని